నిన్ను కాదనిపించిన రోజు

"అమ్మమ్మా, చిన్నప్పుడు నన్నొక పచ్చగేటు ఇంటికి తీసుకెళ్ళావు, గుర్తుందా? అక్కడొకామె నా మీద కేకలేసింది. ఎవరామె? నేనేం తప్పు చేశానని?"

ఇన్నేళ్ళకి అడిగావా! మర్చిపోయావనుకుంటన్నా నేను. ఆ ఫోనేందే, మొకం మీదకి పెట్టావు? రికార్డా? సరే పెట్టుకో. నా మాటలు దాచుకునేవాళ్ళు కూడా పుట్టారన్నమాట లోకంలో. ఇటు రా, ఈ బస్తా మీద కూర్చో. ఊరికే కూర్చోమాక, మిరపకాయలకి తొడాలు తీస్తా విను. సాయంత్రానికి ఈ కాయ తూకానికి పోవాలి. కళ్ళు మాత్రం నలుపుకోమాక. నర్సమ్మవైతే అయ్యావుగానీ, మిరపకాయకి ఆ సంగతి తెలవదు.

నువ్వేం తప్పు చెయ్యలేదే మణీ. ముందు అది రికార్డు చేసుకో. చేసింది నేను. ఎందుకు చేశానో చెప్పాలంటే కాస్త ఎనక్కి పోవాలి. నీకు విసుగొస్తే చెప్పు, ఆపేస్తా. ఆపనులే, మొదలుపెట్టాక ఆపడం నాకు రాదు.

మీ అమ్మ లక్ష్మి అప్పట్లో చిలకలూరిపేట జిన్నింగు మిల్లుకి పోయేది. పొద్దున పోతే చీకటి పడ్డాక తల నిండా దూది వేసుకుని వచ్చేది, ముసలిదానికి మల్లే. ఆ మిల్లుకి పత్తి బేళ్ళ లారీ తోలేవాడు శీను. అదే, మీ నాన్న. మీ నాన్నని నేనొక్క మాట కూడా అనను. మంచోడు. మంచోడు కాకపోతే మూడేళ్ళు మన కాలవకట్ట మీద గుడిసెలో ఉంటాడా, దోమలతో? మంచోడు గనకే వాళ్ళమ్మ ఏడిస్తే చూడలేక వెళ్ళిపోయాడు. మంచోళ్ళతో అదే చిక్కు. వాళ్ళ కులం పేరు వద్దులే, రికార్డవుతోందన్నావుగా. మనకన్నా పైదే. మనకి కింద ఏముంది గనక, అన్నీ పైవేగా.

అప్పటికి మీ అమ్మకి ఆరో నెల. కడుపేసుకుని వాళ్ళింటికి పోయింది, నే వద్దంటన్నా ఇనకుండా. ఆ పచ్చగేటే. శీను వాళ్ళమ్మ కోటమ్మగారు గేటు గొళ్ళెం కూడా తియ్యలేదు. "యానాది దాని కడుపుకి మా ఇంట్లో చోటు లేదు" అంది. మీ అమ్మ తిరిగొచ్చి, ఆ గడప మళ్ళీ తొక్కితే నా పేరు లక్ష్మి కాదంది. ఈనాటికీ తొక్కలా. అందుకే ఆ రోజు నిన్ను తీసుకుపోయింది నేను, అమ్మ కాదు.

మరి మనోళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? మా బావ పోలయ్య అప్పుడు కులపెద్ద. "బయటోడితో పోయింది, తప్పు కట్టాలి" అన్నాడు. వాళ్ళబ్బాయి బయట పిల్లని తెచ్చుకున్నప్పుడు మాత్రం పందిని కోసి విందు పెట్టాడు. నేనూ తిన్నా, అబద్ధమెందుకు. మగోడు తెస్తే కోడలు, ఆడది తెస్తే తప్పు. "బావా, రెంటికీ ఒకటే విందు పెట్టగూడదా, ఖర్చు కలిసొచ్చిద్ది" అన్నా. నవ్వలేదు. పెద్దరికం వస్తే నవ్వు పోయిద్ది మగోళ్ళకి.

ఏం చెబుతున్నా? ఆఁ, బడి.

నీకు ఏడేళ్ళు నిండినాయి. మన కాలనీ బడికొచ్చే టీచరమ్మ నన్ను పిలిచి, "పిచ్చమ్మా, మీ మనవరాలికి లెక్కలు బాగా వస్తున్నాయి. ఆడపిల్లల హాస్టలు బడి ఉంది, మీ వాళ్ళకి సీట్లుంటాయి. కుల ధ్రువీకరణ తీసుకురా, మూడో తరగతిలో చేర్పిద్దాం" అంది. నెల గడువిచ్చింది. సీటు రాకపోతే ఏముంది? ఇదిగో, ఈ బస్తాయే. మీ అమ్మ ఎనిమిదేళ్ళకి మిరపకోతకొచ్చింది, నేను ఆరేళ్ళకి. నీకూ కోత వయసు వచ్చేసింది. మీ అమ్మ ఏమీ అడగదు కదా, నోరు లేని మనిషి, ఆ రోజు నా చెయ్యి పట్టుకుని "అమ్మా, దీన్ని మాత్రం కోతకి తేమాకే" అంది. అది నా మెడకి పడింది.

నాకు భయమేం లేదు అప్పుడు. కాయితం ఏముంది, పోతే ఇస్తారనుకున్నా. ఎందుకంటావా? అరవై ఏళ్ళొచ్చినయ్యి, నేను యానాదినని ఎవ్వరికీ చెప్పాల్సిన పని పడలా నాకు. సత్తెనపల్లి బస్సెక్కితే పక్కన కూర్చున్నామె చీర కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కునేది. హోటల్లో నాకు గ్లాసు వేరే, చూరులో ఉండేది, మనమే తీసుకుని మనమే కడిగి పెట్టాలి. తర్వాత కాయితం గ్లాసులొచ్చి అందరూ ఒకటైపోయారు. ఆ కాయితం గ్లాసు కనిపెట్టినోడు చల్లగా ఉండాలి, దండాలు. ఊళ్ళో మోటారు వైరు పోయినా, కోడిపుంజు పోయినా పోలీసులు నేరుగా మన కట్ట మీదకే వచ్చేవాళ్ళు. దారి కూడా అడిగేవాళ్ళు కాదు. అంత పేరున్న జాతి మనది! అట్టాంటిది, ఆ ఒక్క కాయితం కోసం ఎమ్మార్వో ఆఫీసుకి పోతే ఆ గుమాస్తా నన్ను కిందికీ పైకీ చూసి ఏమన్నాడో తెలుసా? "మీరు యానాదులని ఏంటి రుజువు?"

నాకు నవ్వొచ్చింది. బాబూ, ఇన్నాళ్ళూ అందరికీ కనపడింది మీకొక్కళ్ళకే కనపడలేదా అందామనుకున్నా. అనలా. కాయితం కావాలిగా.

అందులో తప్పు నాది కూడా ఉంది. మీ అమ్మ నీకు రెండు జడలేసి, రిబ్బన్లు కట్టి, పౌడరు రాసి పంపింది, ఆఫీసుకి కదా అని. ఏ తల్లైనా అంతే గదా. మనం మాత్రం అట్టా చెయ్యగూడదు. గుమాస్తా నిన్ను చూసి, "పిల్ల ఎర్రగా, శుభ్రంగా ఉంది, యానాది పిల్లలా లేదే!" అన్నాడు. మెచ్చుకున్నట్టే అన్నాడు పాపం. సరేనని రెండోసారి నూనె రాయకుండా, తల దువ్వకుండా, మాసిన గౌనేసి తీసుకుపోయా. "ఇప్పుడు కాస్త నమ్మేటట్టుంది" అన్నాడు. ఆ రోజు నేను నిన్ను దారిలో మట్టిలో ఆడుకోనిచ్చానని ఎంత మురిసిపోయావో! ఎందుకు ఆడుకోనిచ్చానో ఇప్పుడు చెబుతున్నా.

"మగదిక్కెవరూ లేరా? ఆడమనిషి మాట మీద ఎట్టా రాస్తాం" అన్నాడు. మీ తాత అప్పటికే పోయాడు, మా బావని బతిమాలి తీసుకుపోయా. ఆయన బీడీ కాల్చుకుంటా, "పిల్ల తండ్రి మావాడు కాదండీ" అని ఉన్న మాట చెప్పేశాడు. మగదిక్కు అంటే అది. అప్పటిదాకా ఆ గుమాస్తాకి ఆ సంగతే తెలవదు.

ఇంకేముంది, పట్టుకున్నాడు. "తండ్రి కులమే బిడ్డకి. తండ్రిది పై కులం. ఇక మీకు ఎట్టా ఇస్తాం?" అయ్యా, ఆ కులమోళ్ళు గేటు తియ్యలేదు గదా అంటే, "అది మీ ఇంటి గొడవ" అన్నాడు. చూశావా, తొమ్మిది నెలలు మోసింది మీ అమ్మ, పాలిచ్చింది మీ అమ్మ, ఎత్తుకు తిరిగింది నేను. కులం మాత్రం లారీ ఎక్కి పోయిన ఆయనది.

అక్కడున్న ఇంకొకాయన, ఇంకా కుర్రాడే, సరదాగా, "ఏం ముసలమ్మా, యానాదులైతే ఎలుకలు పట్టాలిగా. మా రికార్డు గదిలో కాయితాలన్నీ కొరికేస్తున్నాయి, పట్టి చూపించు, అదే రుజువు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా. నవ్వుతానే లోపలికి పోయి, ఆ కట్టలన్నీ జరిపి, మూడింటిని పట్టుకొచ్చి తోకలు పట్టి చూపించా. అందులో ఒకటి పందికొక్కు. కుర్చీ మీదకెక్కారు పెద్దమనుషులు. దిగాక ఏమన్నారు? "ఇది నీకు రుజువు. పిల్లకి కాదు. పిల్ల పట్టాలి." ఎవరి ఎలుకని వాళ్ళే పట్టుకోవాలంట. నువ్వు నా కొంగెనక దాక్కుని ఏడుస్తన్నావు. నీకు ఎలుకలంటే భయం, ఇప్పటికీను. ఎలుకకి భయపడే యానాది పిల్ల! ఇంక కాయితం ఎట్టా ఇస్తారులే!

నెలలో ఇరవై రోజులు అట్టా పోయినయ్యి. ఆఖరికి విచారణకి ఆరై గారిని, అదే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుని, వేశారు. ఆయన ఉన్నంతలో మంచోడు, నన్ను "పెద్దమ్మా" అన్నాడు. బయట చెట్టు కింద నిలబెట్టి చెప్పాడు. "పెద్దమ్మా, తల్లి కులం ఇవ్వడానికి దారి ఉంది. తండ్రి తరపువాళ్ళు మా పిల్ల కాదని నలుగురి ముందు చెప్పి సంతకం పెట్టాలి. పిల్ల మీలోనే పెరుగుతోందని తేలాలి. వాళ్ళు గనక మా పిల్లే అన్నారనుకో, నేనేం చెయ్యలేను." అంతేనా బాబూ, అన్నా. కాదనడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య గదా. కాదనిపించడానికి పని కూడా లేదనుకున్నా. ఎల్లుండి ఆ పచ్చగేటు ఇంటికి వస్తానన్నాడు.

నీకు ఎలుకల పని తెలవదు గదా. చెబుతా, అది తెలవకపోతే నేను చేసింది అర్థం కాదు. ఎలుక బొక్కకి ఒక్క దారి ఉండదు, నాలుగైదుంటాయి. అన్నీ మట్టితో మూసి ఒక్కటి వదలాలి. ఇంకోదాంట్లో పొగకుండ మూతి ఆనించి, ఎండుగడ్డి పొగ ఊదాలి. ఎక్కువ ఊదితే లోపలే చచ్చిద్ది, తక్కువైతే రాదు. ఊదేది నేను, బయటకొచ్చినదాన్ని పట్టేది మీ తాత చెంచయ్య. ఊళ్ళో రైతులు "చెంచయ్య చెయ్యి మంచిదిరా" అనేవాళ్ళు. తోకకి పావలా ఇచ్చేవాళ్ళు అప్పుడు, అది ఆయన చేతికి. పొగ నా కళ్ళకి. ఊదడంలో ఉంటది కిటుకంతా, ఎవడికి తెలుసు.

ఎల్లుండి వచ్చింది. వినుకొండ రోడ్డు మీద బస్సు దిగి నడిచాం, ఎండ మండిపోతోంది. ఆరై గారు బండి మీదొచ్చి గేటు ముందు ఆపాడు. ఫైలు చూస్తే ఊళ్ళో జనం ఈగల్లాగా వస్తారు గదా, పదిమంది పోగయ్యారు. శీను లేడు, లారీ తోలుకుపోయాడంట. కోటమ్మగారు పంచలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. లేచొచ్చింది. నేను మనసులో అనుకుంటన్నా, తిట్టు తల్లీ, కానీ, తొందరగా తిట్టు, మళ్ళీ పన్నెండింటి బస్సు పోయిద్ది.

ఆరై గారు మర్యాదగా, "ఏవండీ, ఈ పాప మీ అబ్బాయి బిడ్డని వీళ్ళంటున్నారు. మీరేమంటారు?" అన్నాడు.

ఆమె ఏడెనిమిదేళ్ళ కిందట తియ్యని గొళ్ళెం తీసింది. తీసి నీ ముందుకొచ్చి వంగి, నీ చెవి పట్టుకుంది. నీ చెవి తమ్మెలు చూసుకున్నావా ఎప్పుడన్నా? బుగ్గకి అతుక్కుని ఉంటాయి. మన ఇంట్లో ఎవరికీ అట్టా ఉండవు. నేను ఆమె చెవుల వంక చూశా. అవే.

"పేరేంటమ్మా?" అంది.

"నాగమణి అండి" అన్నావు.

"ఏం చదువుతున్నావు?"

"రెండండి. లెక్కల్లో ఫస్టండి."

"మా శీనుగాడికి లెక్కలొచ్చేవి కాదు" అని నవ్వింది. నవ్విందే! ఆ తర్వాత ఆరై గారి మీద గసిరింది. "ఇంత ఎండలో పసిపిల్లని ఎందుకు తిప్పుతున్నారయ్యా, నోరు పిడచగట్టుకు పోయింది" అని లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. వాళ్ళు తాగే గ్లాసేనే. పేరు చెక్కించిన స్టీలు గ్లాసు. నీ చేతికిచ్చింది. నువ్వు తాగుతుంటే తల నిమురుతోంది.

ఆరై గారు కలం మూత తీసి పట్టుకుని ఉన్నాడు. ఆమె నోటమ్మట "మా పిల్లే" అన్న మాట వచ్చిందా, అయిపోయింది. నువ్వు ఆ కులం. ఆ కులమైతే మాత్రం ఇంట్లోకి తీసుకుపోతారా? పోరు. ఆమె తీసుకుపోదామన్నా ఇంట్లో మగోళ్ళు పోనివ్వరు. పండక్కో గౌను, ఎండలో ఓ గ్లాసు నీళ్ళు. అందుకు బదులు బడి పోయిద్ది. మీ అమ్మ మాట చెవుల్లో గింగురుమంటోంది, కోతకి తేమాకే అని. ఇంకోపక్క, ఏం చెప్పను, ఆమె అట్టా నిమురుతుంటే నాకే కడుపు నిండినట్టుంది. నీ తల నేను తప్ప ఇంకో ముసలిది నిమరడం అదే మొదలు.

అయినా ఊదానే.

గట్టిగా, పదిమందికీ ఇనపడేటట్టు అన్నా. "సంతోషమమ్మగారూ! మీ మనవరాలే. కులం మీదే రాయించండి. అట్టాగే శీనుబాబు వాటా రెండెకరాలు కూడా ఈ బిడ్డ పేరున రాయించండి. ఆరై గారు ఇక్కడే ఉన్నారు, మళ్ళీ తిరగక్కర్లేదు."

అంతే. పంచలో పేపరు చదువుకుంటన్న వాళ్ళ పెద్దబ్బాయి లేచి నిలబడ్డాడు. "అమ్మా!" అన్నాడు, ఒక్క మాటే. ఆమె అతని వంక చూసింది, నా వంక చూసింది, నీ తల మీంచి చెయ్యి తీసేసింది. తీసి ఇంక మొదలుపెట్టింది.

"ఎవరి మనవరాలే? యానాది ముండా, మా భూమి కోసం వచ్చావా! ఎవడికి కన్నదో నీ కూతురు, తెచ్చి మా గేటుకి తగిలిస్తావా? ఎలుకలు తినే జాతికి రెండెకరాలు కావలసొచ్చిందే! మీ పిల్ల మీ గుడిసెలో పుట్టింది, మీ గుడిసెలోనే పెరిగింది, అక్కడే చావనీ!" అని నీ చేతిలో గ్లాసు లాక్కుంది. రెండు గుక్కలే తాగావు నువ్వు. మిగతా నీళ్ళు నీ గౌను మీద పడినయ్యి. నువ్వు గుర్తుపెట్టుకున్న కేకలు అవే.

ఆరై గారు రాసుకుంటన్నాడు. ఎంత బాగా రాశాడనుకున్నావు! పైకి చదివి వినిపించాడు. "సదరు బాలికను తండ్రి తరపువారు తమ కులస్థురాలిగా అంగీకరించుట లేదు. బాలిక తల్లిదైన యానాది తెగవారి ఆవాసములోనే పుట్టి పెరుగుచున్నదని పదిమంది సమక్షమున తెలియజేసిరి." తిట్లన్నీ వడపోసి సారం తీశాడు. అమ్మా సంతకం అంటే, కోపం మీదుందిగా, పెట్టేసింది. పెద్దబ్బాయి సాక్షి సంతకం చేశాడు, అడక్కుండానే. జీవితంలో మన కోసం వాళ్ళు చేసిన సాయం అదొక్కటే. ఒళ్ళు మండిపోతా చేశారు, అయినా సాయం సాయమే గదా.

బస్సులో నువ్వు నా ఒళ్ళో ఎక్కిళ్ళు పెడుతున్నావు. "అమ్మమ్మా, నేనేం ముట్టుకోలేదు, ఆమే ఇచ్చింది" అని. "ఎండకి పిచ్చెక్కిందిలే ఆమెకి" అన్నా. సీటు గడువుకి రెండు రోజుల ముందు కాయితం వచ్చింది. మీ అమ్మ దానికి అట్టేసి, ప్లాస్టిక్ వేయించి, దేవుడి పటం ఎనకాల పెట్టింది. నువ్వు బడికెళ్ళావు. లెక్కలు, ఇంగ్లీషు, నర్సింగు, తెల్లకోటు.

ఆమె తిట్టిందని అందరికీ చెప్పా. మీ అమ్మకీ చెప్పా. కథ చెప్పినట్టు చెప్పేదాన్ని, చేతులు తిప్పుకుంటా. ఆమె ముందు గొళ్ళెం తీసిందని, నీ చెవి పట్టుకుందని మాత్రం ఎవరికీ చెప్పలా. ఇదే మొదలు చెప్పడం. ఆమె మంచిదని అనడం లేదు నేను. రెండెకరాలు అడ్డం రాగానే మారిన ప్రేమ ఎంతది? అంతే అయ్యుండొచ్చు. అయినా ఆ కాస్తా నీదేగా. నీది నేను పోగొట్టాను. పోగొట్టి నీకు బడి కొన్నాను. మళ్ళీ అదే రోజు వస్తే? మళ్ళీ ఊదుతా. ఊది, మళ్ళీ ఇట్టాగే ఏడుస్తా. ఏడవడం లేదులే, మిరపకాయ.

ఏందే, తీసేది ఆపేశావు? ఫోను కూడా పక్కన పెట్టేశావు.

ఉంది. ఆ కోటమ్మగారేగా, బతికే ఉంది. మోకాళ్ళు పోయినయ్యంట, మంచం మీదే ఉంటదంట. పోయినేడు అటు కోతకి పోయినోళ్ళు చెప్పారు. చూడాలనుందా? చూస్తే చూడు. నన్ను అడిగేదేముంది, నీ చెవులు నీయి. బీపీ చూడ్డానికొచ్చానని చెప్పు, నర్సమ్మని ఎవరు ఆపుతారు, ఆ పెద్దబ్బాయి కుర్చీ కూడా వేస్తాడు. మీ అమ్మకి మాత్రం నేను చెప్పుకుంటాలే.

చల్లగా ఉండు తల్లీ. నీ చేతి సూదికి నెప్పి తెలవగూడదు, నీకు పుట్టబోయే ఆడపిల్లని ఎవడూ రుజువు అడగగూడదు. వెళ్ళిరా.

ఇదుగో, ఆగు. వయసు మీద పడింది గదా, ఆమె ఈసారి మనవరాలా అని పిలిచినా పిలిచిద్ది. ఆ కాయితం మీదొచ్చిన నీ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదన్నావుగా? గేటు దగ్గర, నలుగురిలో పిలిస్తే పలకమాక. లోపలికెళ్ళి, తలుపు దగ్గరికేశాక, అప్పుడు పలుకు.